సగం గొట్టం

“చాలు సారూ, ఆపు! పిడికెడు బువ్వ తినదు, ఈ పోరికి ఒంట్ల నెత్తురేడున్నది?”

సవరమ్మ ల్యాబ్ టెక్నీషియన్ బెన్నీ మోచెయ్యి పట్టుకుంది. కుర్చీలో వంకర పాదాల మనవరాలు వెక్కుతోంది.

“గీత దాక నిండాలమ్మా. తక్కువైతే గొట్టంల ఉన్న నెత్తురు గడ్డకట్టనియ్యని మందు ఎక్కువైతది, రిపోర్టు తప్పొస్తది.”

పోయిన వారం ఖమ్మంలో ట్రైనింగుకు వెళ్లేదాకా ఆ సంగతి బెన్నీకీ తెలియదు.

“రెండేండ్ల కింద నేను బతిమాలితే నువ్వే గదా, సగానికే ఆపినవ్?”

బెన్నీ తలెత్తి చూసి ఆమెను గుర్తుపట్టాడు. “ఆ రిపోర్టుల ఏమొచ్చింది?”

“నెత్తురు గడ్డకట్టని రోగమంట, పుట్టుకతోనే ఉన్నదంట. కోస్తే పాణం పోతదని పాదాల ఆపరేషన్ ఆపిండ్రు. ఇప్పుడు పెద్ద దవాఖానోల్లు మల్ల పరీక్ష చేపియ్యమన్నరు. రోగం లేకున్నా ఎముక ముదిరింది, పాదం ఇంక సక్కగ కాదన్నరు.”

గొట్టం గీత దాకా నిండింది. సూది తీశాక బెన్నీ వంగి ఆ వంకర పాదాలను రెండు చేతులతో పట్టుకున్నాడు.

సవరమ్మ అతని వీపు నిమిరింది.

“బాధపడకు కొడకా, నీది జాలిగుండె. ఆ పొద్దు సగానికే ఆపినవని, రెండేండ్ల సంది ప్రతి ఆదివారం మోకాళ్లేసి నీకోసం ప్రార్థన జేస్తున్న.”