అడవిపూల తోటలో పెళ్ళిచూపులు

“కుడివైపు బ్రేకు సరిగా పట్టదండీ. పల్లంలో జాగ్రత్త,” అక్షర రెండోసారి చెప్పింది.

“నేను చూసుకుంటానమ్మా. మీరిద్దరూ తాపీగా మాట్లాడుకోండి,” అంటూ గురుమూర్తి చక్రాల కుర్చీని ముందుకు నడిపించాడు. కుర్చీలో ఉన్న వరూధిని కూతురివైపు ఒకసారి తిరిగి చూసి, కొంగు సర్దుకుంది. సిమెంటు బాట మలుపు తిరగ్గానే ఇద్దరూ తంగేడు పొదల వెనక కనుమరుగయ్యారు.

వర్తూరు దగ్గర ఈ అడవిపూల తోట తెరిచి ఏడాది కూడా కాలేదు. మెట్లు లేకుండా బాటలు వేశారని, కుర్చీ హాయిగా వెళ్తుందని ఆఫీసులో ఎవరో చెబితే, పెళ్ళిచూపులకి అక్షరే ఈ చోటు ఎంచింది. పోయినసారి సంబంధం వాళ్ళు ఇంటికే వచ్చారు. చక్రాల కుర్చీ కంటపడగానే కాఫీ సగంలో వదిలేసి లేచిపోయారు. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు. “ఇంకెవరినీ పిలవకే,” అంది. అందుకే ఈసారి అక్షర అన్నీ ఫోన్లోనే చెప్పేసింది. అయినా వస్తామన్నారు కౌశల్, అతని తండ్రి గురుమూర్తి.

కౌశల్ కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. తనకంటే కాస్త పెద్ద. బెంచీకి ఆ చివర కూర్చుని, చేతులు నలుపుకుంటున్నాడు.

“సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పెళ్ళయ్యాక మా అమ్మ ఎక్కడుంటుంది?”

“మా ఇంట్లోనే. అందులో డౌటేముంది?”

“స్నానం దగ్గర్నుంచీ మనిషి సాయం కావాలి. మొదట్లో అందరికీ బాగానే ఉంటుంది. తర్వాత విసుగొస్తే?”

“నాన్నతో అన్నీ మాట్లాడే వచ్చానండీ. మహదేవపురలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు చూశాం. ఓనర్ బాత్రూం తలుపు వెడల్పు చేయిస్తానన్నాడు.”

“మీ బంధువులు?”

“మా మేనత్త అరిచి ఫోన్ పెట్టేసింది. ఇంటా వంటా లేని పనంది. మీవైపు?”

“పెదనాన్న పెళ్ళికి రానన్నారు.”

మబ్బు కమ్ముకొస్తోంది. బాట మీద జనం పలచబడ్డారు. అక్షర మలుపు వైపు చూసింది. ఎవరూ రావడంలేదు.

“ఇంతసేపా! ఒక్కసారి ఫోన్ చెయ్యండి.”

కౌశల్ చేశాడు. తండ్రి ఫోను అతని బ్యాగులోనే మోగింది.

అక్షర లేచి నిలబడింది. గేటు మూసే వేళయిందని ఈల వేస్తూ కాపలాదారు చిక్కమునియప్ప ఎదురొచ్చాడు.

“కుర్చీలో ఉండే అమ్మా? కుంట దిక్కు పోయినారు. వానకి ఆడ జారతా ఉండాది, పోవద్దప్పా అంటి. వింటే గదా.”

అక్షర పరుగెత్తింది. ఎవరో తెలియని మనిషి చేతిలో అమ్మను పెట్టి, తను బెంచీ మీద కబుర్లు చెబుతూ కూర్చుంది! బాట కిందికి దిగుతున్నకొద్దీ సిమెంటు మీద బురద. కుంట కనిపించింది. గట్టు మీద చక్రాల కుర్చీ పక్కకి ఒరిగి పడి ఉంది. ఖాళీగా. కాస్త దూరంలో అమ్మ చెప్పు ఒకటి.

“అమ్మా!”

నీళ్ళు కదలడంలేదు. కౌశల్ అప్పటికే బూట్లు విప్పేస్తున్నాడు.

“ఇక్కడున్నానే! ఎందుకా కేకలు?”

పొదల అవతల, గడ్డిలో కూర్చుని ఉంది వరూధిని. చీరంతా బురద. ఒళ్ళో నీలంగా విష్ణుక్రాంతం పూలు. పక్కనే గురుమూర్తి, ఇంకా ఆయాసపడుతున్నాడు.

అక్షరకి భయం కాస్తా కోపమైంది. “ఎవర్నడిగి దించారండీ? కుర్చీ కుంటలోకి జారుంటే?”

“అమ్మనే అడిగానమ్మా,” అన్నాడాయన మెల్లగా. “దించాకే కుర్చీ జారింది.”

“నేనే దించమన్నాను,” అంది వరూధిని. “ఈ పూలు కుర్చీలోంచి చేతికందవు. యాక్సిడెంటయినప్పట్నుంచీ నేల మీద కూర్చుందే లేదు. ఆస్పత్రిలో, ఆటోలో, ఇంట్లో, అందరూ నన్ను అడక్కుండానే ఎత్తారు, అడక్కుండానే దించారు. నువ్వు కూడానే. ఈయన అడిగారు.”

అక్షర తల్లి పక్కన గడ్డిలో కూలబడి, ఆమె పాదానికంటిన బురద తుడవబోయి ఆగింది.

“తుడవనా అమ్మా?”

వరూధిని నవ్వి తలూపింది.

కౌశల్ కుర్చీ నిలబెట్టి తోసుకొచ్చాడు. “ఇప్పుడడగొచ్చో లేదో... మీరేమంటారు?”

అక్షర తల్లి ముఖంలోకి చూసింది. “ఏమ్మా?”

“నాకిష్టమేనే,” అంది వరూధిని, గురుమూర్తి వైపు ఓరగా చూసి కొంగు సర్దుకుంటూ.

అక్షర కళ్ళు తుడుచుకుని అతనివైపు తిరిగింది.

“అయితే ముహూర్తం పెట్టిద్దాం, అన్నయ్యా!”