లోడు మీద మనిషి

టైర్లు చూసుకుందామని పెనుకొండ ముందర లారీ దిగిన ఓబన్న, తలెత్తి చూసి నిలబడిపోయాడు.

లోడు మీది మనిషి మూట కుట్టు ఊడదీసి, మోచేతి దాకా లోపలికి చెయ్యి పెట్టాడు.

బస్సు తప్పిపోయిందని ముదిగుబ్బలో బతిమాలితే ఓబన్నే ఎక్కించుకున్నాడు. ఆ దారిలో లోడు మీద మనుషులు రావడం మామూలే. మాసిన చొక్కా, కన్నడం కలిసిన తెలుగు. ఏ ఊరని కూడా అడగలేదు.

"దిగప్పా కిందికి."

"ఏముంది దీంట్లో?" అన్నాడు ఆ మనిషి, దిగుతూనే.

"చెనక్కాయలు గాక బంగారుంటాదా? ఎక్కించుకున్న పాపానికి సేటు కాయలు బొక్కుతాండావే, సిగ్గులేదా?"

ఆ మనిషి కోప్పడలేదు. ఓబన్న ముఖంలోకి తేరిపార చూసి, చిన్నగా నవ్వాడు.

ఆ నవ్వుకు ఓబన్నకు ఒళ్లు మండింది. రెక్క పట్టుకుని రోడ్డు పక్కకు తోసి, బండెక్కి వెళ్లిపోయాడు.

దారిలో ఇంత సంగటి తిని సోమందేపల్లె చేరేసరికి, రోడ్డుకు అడ్డంగా జీపులు.

అటవీశాఖ వాళ్లు లోడెక్కి మూటలు కోశారు. కాయల నడుమ నుంచి ముక్కలుగా కోసిన ఏనుగు దంతాలు బయటపడ్డాయి.

ఎక్కడో ఆఫ్రికాలో చంపిన ఏనుగులవట. ఈ వ్యాపారం కూడదని దేశాలన్నీ కలిసి కట్టడి చేసుకున్నాయట. పట్టుబడితే జైలేనట.

ఓబన్న లారీ వైపు చూశాడు. వానల్లేక చేను అమ్మి కొన్న లారీ అది. ఇంట్లో ఆ లారీ తప్ప ఇంకో ఆధారం లేదు.

"దేవుని తోడు సారూ, నాకేమీ తెలీదు."

"తెలుసులే," అన్నాడు రేంజరు. లోడు వేసిన సేటును ముదిగుబ్బలోనే పట్టుకున్నారని, మూటలు దించి లారీ తీసుకుపొమ్మని, సాక్ష్యానికి పిలిస్తే రమ్మని చెప్పాడు.

ఓబన్నకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఉన్నచోటనే కూలబడి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మీకెట్ల తెలుసు సారూ?"

"ఫోనొచ్చింది. దంతాలుండాయని తెలిసినోడు వాటి మీద ఇంకో మనిషిని కూచోబెట్టుకుంటాడా, కాయల కోసం కొట్లాడతాడా, వాన్ని వదిలిపెట్టండి అన్నారు."

"ఎవరు సారూ ఆ పుణ్యాత్ముడు? కాళ్లకు మొక్కుతా."

"మొక్కాలంటే బండి వెనక్కి తిప్పు. ఆఫ్రికా ఓడరేవు నుంచి ఈ దంతాల జాడ పట్టుకొని వచ్చిన ఢిల్లీ ఆఫీసరు, పెనుకొండలో బస్సు కోసం నిలబడుకోనుండారు."