ఆరడుగుల కొలత

గోడ దాకా పరిచాక, ఇంకా మూరెడు కార్పెట్ మిగిలింది.

"బల్లారట్ ఊళ్లో కార్పెట్ షాపువాడు నాకు ఎక్కువ అంటగట్టాడు!" అని మెర్విన్ చిందులు తొక్కాడు.

"వాడినంటావేం? టేపు వెతకడానికి బద్ధకించి, ఈ గోడ నుంచి ఆ గోడకి మూడుసార్లు పడుకుని కొలిచింది నువ్వేగా!" అంది భార్య నోలీన్.

"నేను ఆరడుగులు. ఆరు మూళ్లు పద్దెనిమిది. ఇందులో తప్పేముంది?"

నోలీన్ మిగిలిన ముక్కనీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. మెర్విన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నీకు... తెలుసా?"

"తెలియకేం? పెళ్లయిన దగ్గర్నుంచీ హైహీల్స్ ఎందుకు మానేశాననుకున్నావ్?"

"మరి షాపులోనే చెప్పి చావొచ్చుగా!"

"వాడు నీ ఫుట్‌బాల్ క్లబ్బువాడు. వాడి ముందు మొగుడి పరువు తీయమంటావా?"

నోలీన్ మిగిలిన ముక్కని కోసి, మడతలు పెట్టి, అతని కాళ్ల ముందు వేసింది.

"ఎక్కు. లెక్క సరిపోతుంది."