ఎవరిస్తో మామయ్య అనని మాట

మా ఎవరిస్తో మామయ్య టాంగో పాటలు రాస్తాడు. ప్రతి పాటలోనూ భార్య వదిలేసి వెళ్ళిపోతుంది. బ్యూనస్ ఐరిస్‌లో సగం మంది ఆయన్ని తలచుకుని కన్నీరు పెట్టుకుంటారు. పాటల్లో అలా వెళ్ళిపోయే దెల్ఫీనా అత్త మాత్రం ముప్పై ఏళ్ళుగా ఎదురు కుర్చీలో కూర్చుని, ఆయన తాగే సొరబుర్రలో మాతే ఆకు కషాయం పోస్తూనే ఉంది.

తాగేవాడు సొరబుర్ర తిరిగి ఇస్తూ "థాంక్స్" అంటేనే ఇక చాలని అర్థం. అనేదాకా పోసే మనిషి లేవకూడదు. మావాళ్ళ మర్యాద అది. మామయ్య ఒక్కనాడూ అనలేదు.

"లేచి వెళ్ళిపోరాదూ అత్తా?" అన్నాను.

"ఆయన్ని అననీరా. మధ్యలో లేస్తే మా అమ్మ సమాధిలోంచి వచ్చి తంతుంది."

ఆదివారం మామయ్య కొత్త పాట వినిపించాడు. చివరి చరణం గొంతెత్తి పాడాడు. "వెళ్ళిపోయినదానా, ఇన్నాళ్ళ తోడుకి థాంక్స్!"

నేను కళ్ళు తుడుచుకున్నాను. అత్త కెటిల్ దించింది.

"విన్నావుగా, అన్నాడు," అంది. మంచం కింద ఎప్పుడో సర్దిపెట్టిన పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

మామయ్య పాట దిద్దుకుంటూ, తలెత్తకుండానే ఖాళీ సొరబుర్ర చాచాడు. ఎదురుగా ఉన్నది నేనే. పోశాను.

ఇది మూడు నెలల కిందటి సంగతి. ఇంకా పోస్తున్నాను.