నిద్ర పరీక్ష

సురేందర్ తన తల్లి గోదావరి సంచిలో దుప్పటి, బీడీలు చుట్టే చాట సర్దాడు.

"ఒక్క రాత్రి మనం కొందామనుకున్న ఆ బోధన్ ఇంట్ల పండుకో అవ్వా. పాడు కల పడితే కొనం."

"వాస్తుకు ఒకాయన, జాతకానికి ఒకాయన అయిండ్రు. ఇగ నా నిద్రనా?"

"తొలి ఇల్లు గదనే. అన్ని సూసుకోవాలె."

తెల్లారి అతను వెళ్లేసరికి గోదావరి, ఇల్లు అమ్ముతున్న నాగకుమారి అరుగు మీద కలిసి బీడీలు చుడుతున్నారు.

"కల పడ్డదా?"

"లేదు బిడ్డా. మన కిరాయింట్ల వంటగిన్నెల నడుమ ముడుసుకొని పండుకుంట గదా. ఈడ కాళ్లు సాపుకొని పండుకున్న."



"అయితే కొంటం," అన్నాడు సురేందర్.

"ఇల్లు ఇంక అమ్మను బాబూ," అంది నాగకుమారి. "ఒక్కదాన్నే ఉండలేక అమ్మకానికి పెట్టాను. ఇప్పుడు మీ అమ్మ ఉందిగా."

గోదావరి కాదనలేదు.

సురేందర్ ఇంకా ఇళ్లు చూస్తూనే ఉన్నాడు. పోయిన శ్రావణంలో ఒక్క రాత్రికని వెళ్లిన గోదావరి తిరిగి రాలేదు.