తగరం చుక్క

అరుగు మీద చిన్న స్టవ్వు, తగరం ముద్ద దించి ఒక ముసలాయన చెమట తుడుచుకుంటున్నాడు.

"అత్తా, కలాయాయన వచ్చిండు!" నవనీత కేకేసింది.

గిన్నెల లోపల తగరం కలాయి పూసేవాడు కట్టంగూర్ దిక్కుకు రాక ఏళ్లయింది. అత్త సాలమ్మ అటక మీది ఇత్తడి పాలగిన్నె దించుకొచ్చింది.

"నాకు కలాయి రాదమ్మా. మంచినీళ్ల కోసం ఆగిన."

"రాకుంటే గీ పొయ్యెందుకు, గీ తగరమెందుకు? బతిమిలాడించుకుంటున్నవా? కూసో పెద్దాయనా!" అంది సాలమ్మ.

ఆయన గడియారం చూసుకున్నాడు. గిన్నె చూశాడు. నవ్వి స్టవ్వు వెలిగించాడు.

నవనీత చంటిపిల్ల దీప్తిని చంకనేసుకుని ఎదురుగా కూర్చుంది. చూపంతా రోడ్డు మీదే.

"ఎవరి కోసం బిడ్డా?"

"మా గుట్ట కాడ చిన్న అణు కరెంటు ఫ్యాక్టరీ పెడతరంట. కరిగిన సీసంతోని దాన్ని సల్లగ చేస్తరంట! సల్లగ చేయనీకె నీళ్లు పోస్తరు గని, మరిగే సీసం పోస్తరా ఎవరన్న? ఇయ్యాల బడి కాడ మీటింగుకు దాన్ని తయారుచేసే పెద్దసారు కార్ల వస్తడు. ఒక్కటే అడుగుత."

"ఏమని?"

"కుండ పలిగి ఆ సీసం ఊర్లకొస్తే నా దీప్తి గతేందని. జవాబు సక్కగ లేకుంటే పిల్లనెత్తుకుని నారాయణపేటల మా అమ్మగారింటికి పోత. మల్ల రాను."

సాలమ్మ ముఖం వాడిపోయింది.

ఆయన గిన్నె వంచాడు. కరిగిన తగరం చుక్క ఒకటి అరుగు బండ మీద పడి, రెండంగుళాలైనా పారకుండానే గడ్డకట్టింది.

"చూడు బిడ్డా, సీసం గూడ బయట పడితే..."

"ముచ్చట్లాపి గిన్నె చూడు తాతా. అంచు కాడ పూతే లేదు!"

ఆయన గిన్నె అంచు తనవైపు తిప్పుకున్నాడు. ఉన్న తగరమంతా పూసి, నీళ్లు తాగి, స్టవ్వు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"పని రాదు గని, మనిషి మంచోడే," అంది సాలమ్మ గిన్నె తిప్పి చూస్తూ.

బడి కాడికి కారు రాగానే నవనీత అందరికంటే ముందు ఉరికింది. డ్రైవరొక్కడే దిగాడు.

"సారేడి?"

"ఊరోళ్లతోని మాట్లాడుకుంట వస్తనని పొద్దుగాల బస్సులనే వచ్చిండు గద!"

నవనీత వెనక్కి తిరిగేసరికి మైకు గరగరమంది.

"లోహం బయట పడితే ఏమైతదో మీ కండ్ల ముందు చూపిద్దామని తగరం తెచ్చిన," అన్నాడు మసి చేతులతో పెద్దసారు ఖాళీ స్టవ్వు పైకెత్తి. "అదంతా ఒక బిడ్డ పాలగిన్నెకే అయిపోయింది గని, జవాబు వాళ్ల అరుగు మీదనే గడ్డకట్టి ఉంది, పోయి చూడుండ్రి."