పసుపు కాగితం

తొట్టిలో నీళ్లు మళ్లీ పాడయ్యాయి.

వరహాలరావు గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. నిన్న అడుగున గచ్చు కనిపించిన నీళ్లు ఇవాళ కుడితిలా ఉన్నాయి. పైన నూనె తెట్టు ఒకటి!

ఓవర్సీరు ఉద్యోగం ఆయనది. కొండల్లో రోడ్లు వేయించడం, గుడారాల్లో బతకడం. పెళ్లయిన పదిహేనేళ్లకి, పంతొమ్మిది వందల ఇరవయ్యారులో, అరకులో సొంత ఇల్లంటూ కట్టుకున్నాడు. అదీ సరదాకి కాదు. భార్య చిన్నమ్మికి విషజ్వరం వచ్చి కాళ్లు పడిపోయాయి. రోజూ పీకల్లోతు నీళ్లలో కాళ్లాడిస్తే నడక రావచ్చునని వాల్తేరు డాక్టరు చెప్పాడు. నీళ్లు మాత్రం స్వచ్ఛంగా ఉండాలన్నాడు. ఆ సంగతులు రాసిన చిన్న ఇంగ్లీషు పుస్తకం కూడా చేతిలో పెట్టాడు.

అంతే, పెరట్లో సిమెంటు తొట్టి లేచింది. వెదురు గొట్టాల మీదుగా కొండవాగు నీళ్లు వచ్చాయి. వరహాలరావు ఆర్నెల్లు సెలవు పెట్టాడు.

"నువ్వు లేచి నడిచిన మర్నాడే క్యాంపుకి పోతాను. అంతదాకా ఇక్కణ్నించి కదల్ను" అన్నాడు.

ఆయన మర్దన చేసిన ఆముదం ఇంకా ఆరని కాళ్లకి చిన్నమ్మి పసుపు రాసుకుంటూ కూర్చుంది. పెళ్లయ్యాక ఆయన నెల రోజులు వరసగా ఇంటిపట్టున ఉన్నది లేదు.

రోడ్డు వేయగలడు, వంతెన కట్టగలడు. నీళ్లతో మాత్రం ఆయన వల్ల కాలేదు. పటిక వేస్తే నీళ్లు పులిసిపోయాయి. బ్లీచింగ్ పౌడరు వేస్తే కళ్లు మండాయి. మైలుతుత్తం వేస్తే నాచు చచ్చింది, దాంతోపాటు కప్పలూ చచ్చాయి. ఎన్ని తంటాలు పడి తేర్చినా, సంతకెళ్లి వచ్చేసరికి కథ మళ్లీ మొదటికే!

"ఏటి సోములమ్మా ఇది? ఇందులో ఇంతవరకూ మనిషన్నవాడు దిగలేదు కదా!"

చిన్నమ్మికి తోడుగా ఉండే కొండ మనిషి సోములమ్మ. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"కొండ నీళ్లు బాబూ. మనం సెప్తే ఇంతాయేటి?"

"పటిక అయిపోయినట్టుందండీ, బేగి సంతకెళ్లి తెండి" అని లోపల్నుంచి చిన్నమ్మే గుర్తు చేసేది. ఆవిడ కోసమే కదా పాపం, ఈ అవస్థంతా!

సెలవు ఇక నాలుగు రోజులుందనగా వరహాలరావు మొండికేశాడు. ఉన్న నీళ్లు తోడించి, కొత్త నీళ్లు పట్టి, పొద్దున్నే గంపెడు సున్నం కుమ్మరించాడు. పుస్తకంలో చెప్పినట్టు పసుపు పూసిన కాగితం ముంచి చూశాడు. చటుక్కున ఎర్రబడింది. అంటే సున్నం ఎక్కువైందన్నమాట. దిగితే ఒళ్లు మండుతుంది.

"చచ్చానురా బాబూ!" అనుకుని, విరుగుడుగా పటిక కోసం సంతకి పరుగెత్తాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి అడుక్కి దిగిన సున్నమంతా పైకి లేచి నీళ్లు తెల్లగా విరిగిపోయి ఉన్నాయి. పైన మళ్లీ అదే నూనె తెట్టు.

పటిక మూట అక్కడే జారవిడిచాడు. ఏడుపొచ్చింది. ఎంత పెద్ద బండనైనా పగలగొట్టించిన మనిషి, ఇంత తొట్టెడు నీళ్లకి ఓడిపోయాడు. రేపే ఈ గొయ్యి పూడ్పించేయాలి. చిన్నమ్మిని డోలీలో బొబ్బిలి పంపి, పుట్టింట్లో దిగబెట్టాలి. ఆమె బతుకంతా ఆ మంచమే ఇక!

ఆ మాట చెప్పడానికి లోపలికి వెళ్లాడు. చిన్నమ్మి దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది.

"నా వల్ల కాలేదు చిన్నమ్మీ. నిన్ను నడిపించలేకపోయాను."

"ఎంత మాటండీ! సెలవు పొడిగించమని రాయండి. ఇంకో ఆర్నెల్లు చూద్దాం" అంది చిన్నమ్మి, ఆయన చెయ్యి పట్టుకుని.

ఆ ఓర్పుకి ఆయన గుండె కరిగిపోయింది. కళ్లు తుడుచుకుని, ఆముదం గిన్నె అందుకుని, ఆమె కాళ్ల మీద దుప్పటి పక్కకి తీశాడు.

పసుపు రాసుకున్న ఆ పాదాలు రెండూ, పొద్దున తొట్టిలో ముంచిన కాగితంలాగే, ఎర్రగా ఉన్నాయి.